వెళ్ళొస్తామని చెప్పకూడని ఇల్లు

నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు మా నాయనమ్మ నన్ను వెంటబెట్టుకుని కందుకూరు పక్కన ఒక పల్లెకు పలకరింపుకు వెళ్ళింది. ఆ ఇంటి పెద్దాయన పోయి అయిదో రోజు. వాకిట్లో ఎవరూ మమ్మల్ని 'రండి' అనలేదు. నాయనమ్మ కూడా ఎవరినీ 'బాగున్నారా' అని అడగలేదు. వసారాలో చాప మీద కూర్చుని, పోయినాయన భార్య చేయి పట్టుకుంది. ఇద్దరూ కాసేపు ఏడ్చారు. తర్వాత ఆవిడ ఆ రోజు పొద్దున ఆయన కాఫీ తాగిన దగ్గర నుంచి మొదలుపెట్టి అంతా చెప్పింది. ఆ కథ అప్పటికి ఏ యాభైమందికో చెప్పి ఉంటుంది. నాయనమ్మకూ అది ఎవరి ద్వారానో ముందే తెలుసు. అయినా ఏమీ తెలియనట్టు విన్నది. లేచి వచ్చేటప్పుడు, ఇంట్లో నేర్పిన బుద్ధి మరిచిపోకుండా నేను గట్టిగా "వెళ్ళొస్తామండీ" అన్నాను. నాయనమ్మ నా తొడ మీద గిల్లిన గిల్లు వారం రోజులు కమిలి ఉంది.

"చావింటికి మళ్ళీ వస్తానంటావా?" అన్నది వీధి మలుపు తిరిగాక. అంతకు ముందు నెలలోనే మా పిన్ని ఇంటి నుంచి బయలుదేరుతూ "వెళ్తున్నాం" అన్నందుకు ఇదే నాయనమ్మ చేతిలో చీవాట్లు తిన్నాను. వెళ్తున్నాం అనకూడదు, వెళ్ళొస్తాం అనాలి అని. అక్కడ తప్పనిసరి అయిన మాట ఇక్కడ తప్పు. బియ్యం అయిపోయాయి అనకూడదు, నిండుకున్నాయి అనాలి. దీపం ఆరిపోయింది అనకూడదు, కొండెక్కింది అనాలి. బయలుదేరిన మనిషిని ఎక్కడికి అని అడగకూడదు. ఇన్ని 'కూడదు'లను ఆ వయసులో ఎలా గుర్తుపెట్టుకోవాలో అర్థం కాక, చాలాకాలం ఎవరింటికి వెళ్ళినా నోరు మూసుకుని కూర్చున్నాను. నెమ్మదస్తుడినని పేరు వచ్చింది.

(మా కందుకూరు 1970 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది. ఆ ఏడాది ఒంగోలు జిల్లా పుడితే అందులోకి వెళ్ళింది. దానికే 1972లో టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. 2022లో మళ్ళీ నెల్లూరుకు వచ్చింది, 2025 ఆఖరున తిరిగి ప్రకాశం జిల్లాకే వెళ్ళింది. గెజిట్లు ఎన్ని మారినా పలకరింపు పద్ధతి మాత్రం అలాగే ఉంది.)

మర్యాద అనే మాటను మనం ఎన్ని రకాలుగా వాడతామో చూస్తే ఈ చిక్కు కొంత విడుతుంది. కొత్త అల్లుడికి చేసేవి మర్యాదలు. స్టేషనులో దొంగకు జరిగేవీ మర్యాదలే. 'మర్యాదగా చెబుతున్నాను' అని ఎవరైనా అన్నారంటే మర్యాద అయిపోవచ్చిందనీ, ఇక చొక్కా పట్టుకోవడమే తరువాయి అనీ అర్థం. 'మర్యాదస్తుడు' అంటే ఒక్కోచోట మంచివాడు, ఒక్కోచోట అప్పు అడిగితే లేదనలేని అమాయకుడు. ఇన్ని అర్థాల అడుగున పాత అర్థం ఒకటి ఉంది. సంస్కృతంలో మర్యాద అంటే హద్దు, మేర, ఒడ్డు. సముద్రం తన మర్యాద దాటదని కవులు అనేది ఈ అర్థంలోనే. పెన్న ఒడ్డున బతికే మాకు ఇది వేరే చెప్పనక్కరలేదు. 2021 నవంబరు వరదలో ఏరు గట్టు దాటి కోవూరు వైపు ఊళ్ళలోకి, హైవే మీదికి వచ్చినప్పుడు ఒడ్డు అంటే ఏమిటో అందరం చూశాం. గట్టు ఉన్నది నీటిని తిట్టడానికి కాదు. నీటి పక్కనే ఇల్లు కట్టుకుని బతకడానికి వీలుగా ఉన్నది. మనుషుల మధ్య మర్యాద పని కూడా దాదాపు ఇదే. మీద పడకుండా, మరీ దూరం జరగకుండా పక్కపక్కనే ఉండనిస్తుంది.

ఇంగ్లీషువాళ్ళ 'ఎటికెట్' వచ్చిన దారి వేరు. ఫ్రెంచిలో ఆ మాటకు చీటీ అని అర్థం. మన బస్సు టికెట్టు కూడా ఆ మాట నుంచే పుట్టింది, రెండూ ఒక తల్లి పిల్లలు. ఆ దేశంలో పద్నాలుగో లూయీ కొలువులో ఎవరు ఎక్కడ నిలబడాలి, రాజకుటుంబం ఎదుట పీట మీద కూర్చునే హక్కు ఏ దొరసానికి ఉంది అన్నవి పెద్ద రాజకార్యాలు. పీట కోసం పగలు పెంచుకున్నవాళ్ళు ఉన్నారు. మనకు నవ్వు రావచ్చు. అరుగు మీద ఎవరు, మెట్టు మీద ఎవరు, నేల మీద ఎవరు అన్న లెక్క తెలియని పల్లె మన వైపు మాత్రం ఎక్కడుంది?

టికెట్టు మాట వచ్చింది కాబట్టి బస్సు సంగతి చెప్పాలి. నెల్లూరు బస్టాండులో కావలి మీదుగా ఒంగోలు వెళ్ళే బస్సు ఆగీ ఆగకముందే కిటికీల్లోంచి తువ్వాళ్ళు, చేతిరుమాళ్ళు, సంచులు లోపలికి వెళ్తాయి. తువ్వాలు వేసిన మనిషి ఇంకా కిందనే తోపులాటలో ఉన్నాడు. ముందుగా ఎక్కినవాడి ఎదుట సీటు ఖాళీగా ఉంది, దాని మీద ఒక తడి తువ్వాలు ఉంది. తీసి అవతల పారేస్తే అడ్డుకునే చట్టం లేదు. కానీ పారేయడు. "ఇది ఎవరిదండీ?" అని అడుగుతాడు, వెనక నుంచి "నాదే, నాదే" అన్న కేక వినబడితే పక్క సీటు చూసుకుంటాడు. టికెట్టు ప్రయాణానికి హక్కు ఇస్తుంది. సీటుకు హక్కు ఇచ్చేది తువ్వాలే. అయితే దానికీ మేర ఉంది. ఒక తువ్వాలుకు ఒక సీటు, పోనీ రెండు. దుప్పటి పరిచి ముగ్గురి సీటు ఆపితే మాత్రం బస్సంతా ఏకమై తిరగబడుతుంది. ముసలమ్మ వచ్చి నిలబడితే తువ్వాలు చెల్లదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చాక బస్సులు మరింత నిండాయి, ఈ తువ్వాలు రాజ్యాంగానికి కొత్త సవరణలు వస్తున్నాయి. ఇవన్నీ ఎవరు రాశారు? ఎవరూ రాయలేదు. ఎవరూ రాయని రూలును, పోలీసు లేకుండా, ముక్కూమొహం తెలియని నలభైమంది పాటిస్తున్నారు. మర్యాద వల్ల ఉపయోగం ఏమిటని అడిగేవారికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. ప్రతి సీటుకూ ఒక తగాదా చొప్పున లెక్కవేస్తే ఆ బస్సు కొడవలూరు కూడా దాటదు.

తెలియనివాళ్ళ మధ్య తువ్వాలు చేసే పనిని తెలిసినవాళ్ళ మధ్య వరస చేస్తుంది. మన వైపు ఇద్దరు కొత్తవాళ్ళు కలిస్తే ముందు ఊరు అడుగుతారు, తర్వాత ఇంటిపేరు, ఆ తర్వాత ఆ ఊళ్ళో మీకు ఫలానావారు ఏమవుతారని. పది నిమిషాల్లో ఒకరు బాబాయి, ఒకరు అబ్బాయి అయిపోతారు. బంధుత్వం నిజమా అబద్ధమా అన్నది అనవసరం. వరస కలిసిందంటే ఎవరు ఎవరితో ఎంతవరకు మాట్లాడవచ్చో తేలిపోయినట్టే. బావ అయితే వేళాకోళం చెల్లుతుంది. మామగారి వరస అయితే కాళ్ళు దగ్గరకు తీసుకుని కూర్చోవాలి. వదిన అయితే మాటకు మాట అనవచ్చు, అదే మాట అత్తతో అంటే ఇల్లు రెండవుతుంది. కూరగాయలమ్మే ఆమెను 'అక్కా' అని పిలిచినవాడు కొసరు అడిగే హక్కు సంపాదిస్తాడు. పిలిపించుకున్న ఆమెకూ ఒక హక్కు వస్తుంది. రేపు వేరే బండి దగ్గర కొంటే నిలదీయవచ్చు.

ఇది మన ఊళ్ళో పుట్టిన నిన్నమొన్నటి ముచ్చట కాదు. పదమూడో శతాబ్దంలో నెల్లూరును ఏలిన మనుమసిద్ధి తన మంత్రి తిక్కనను మామా అని పిలిచేవాడు. మామవు కదా, ఆ పిలుపు సార్థకమయ్యేలా నీ భారతీకన్యకను నాకు ఇవ్వు అని రాజు అడిగినట్టు నిర్వచనోత్తర రామాయణం అవతారికలో తిక్కనే చెప్పుకున్నాడు. కావ్యం అంకితం అడగడంలో ఎంత నేర్పు ఉందో చూడండి. రాజు ఆజ్ఞాపించవచ్చు, ఆజ్ఞాపిస్తే మంత్రి కాదనలేడు. కానీ అలా పుచ్చుకున్న కావ్యానికి విలువేముంది? కాబట్టి రాజు ఒక మెట్టు దిగి అల్లుడి వరసలో నిలబడ్డాడు. అల్లుడు అడగవచ్చు, మామ ఇవ్వాలి, ఇవ్వడంలో మామకు గౌరవం. తిక్కనకు ఆ పలుకు ఇంపుగా తోచిందట. తోచదూ మరి!

మన భాషలో వరస తర్వాత ఎక్కువ బరువు మోసేది ఒక చిన్న 'రు'. నువ్వు వచ్చావు, మీరు వచ్చారు. ఒక మనిషిని పెద్ద చేయాలంటే మన వ్యాకరణం ఆ మనిషిని పదిమందిగా లెక్కపెడుతుంది. వాడు, అతను, ఆయన, వారు అని మగవాడికి నాలుగు మెట్లు. ఆడమనిషి దగ్గరకు వచ్చేసరికి ఒక విచిత్రం ఉంది. ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. క్రియ ఒకటే. ఈ భాషలో ఆడమనిషి ఆవునుంచీ బస్సునుంచీ వేరుపడాలంటే 'వచ్చారు' కావాలి, అంటే ఎవరో ఒకరు ఆమెకు ఆ 'రు' ఇవ్వాలి. ఉద్యోగమో వయసో భర్త హోదానో ఉంటే ఇస్తారు. నాట్లకు వచ్చిన కూలీ ఆమెకు డెబ్భై ఏళ్ళు నిండినా 'వచ్చింది'తోనే గడిచిపోతుంది. ఇది నేను భాష మీద వేస్తున్న నింద కాదు. భాష ఇచ్చిన మెట్లను ఎవరి కోసం ఎక్కుతున్నాం, ఎవరి కోసం ఎక్కడం లేదు అన్నది మనం చేసుకుంటున్న ఎంపిక.

ఇక మొహమాటం. పాత రూపం మొగమాటం, మొగం అంటే ముఖమే. మర్యాద మీద ప్రపంచమంతా వాడుకునే సిద్ధాంతం ఒకటి 1978లో పెనెలొపీ బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ అనే ఇద్దరు పండితులు ప్రతిపాదించారు. ఇంగ్లీషుతో పాటు మెక్సికోలోని త్సెల్తాల్ భాషనూ, మన పక్కనే కోయంబత్తూరు ప్రాంతపు ఒక పల్లె తమిళాన్నీ దగ్గరుండి గమనించి తేల్చిన సంగతి ఇది. ప్రతి మనిషీ నలుగురిలో ఒక ముఖాన్ని మోస్తుంటాడు. ఆ ముఖానికి రెండు కోరికలు. నలుగురూ తనను మెచ్చుకోవాలి, తన దారికి ఎవరూ అడ్డం రాకూడదు. ఏది అడిగినా, ఏది కాదన్నా ఎదుటివారి ముఖానికి ఎంతో కొంత గీత పడుతుంది. ఆ గీత పడకుండా చేసే ప్రయత్నాలే మర్యాదలు. చదివినప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు. మొహం చెల్లలేదు, మొహం మాడింది, మొహం చాటేశాడు, ఏ మొహం పెట్టుకుని అడగను అని రోజూ అనుకునేవాళ్ళకు ఆ సిద్ధాంతం ఇంట్లో వండిన కూర లాంటిది.

మొహమాటం నిలువెత్తున కనబడేది విస్తరి దగ్గర. నెల్లూరు చేపల పులుసు ముందు రోజు రాత్రి కాచి, మామిడికాయ ముక్కల పులుపు చేపకు పట్టాక మరునాడు మధ్యాహ్నం వడ్డిస్తే దాని రుచే వేరు. అటువంటి పులుసు గిన్నె, గరిటె పట్టుకుని ఇంటావిడ వస్తుంది. "ఇంకొక్క ముక్క." "అయ్యో వద్దండీ." ఇది లెక్కలోకి రాదు, మర్యాదకు అన్న వద్దు. "చిన్న ముక్కే, తల పక్కది." "నిజంగా చాలండీ." ఇదీ సగం లెక్కే. మూడోసారి విస్తరి మీద చేయి అడ్డం పెడతాడు. వేళ్ళు దగ్గరగా చేర్చి పెడితే చాలని. మా మేనమామ ఒకాయన వేళ్ళు బాగా ఎడం చేసి, చేయి రెండు అంగుళాలు ఎత్తి పట్టి, "వద్దమ్మా వద్దు" అనేవాడు. ఆ సందుల్లోంచి ముక్క ఎలాగూ పడుతుంది. పడ్డాక "ఎంత చెప్పినా వినవు కదా" అని కోప్పడేవాడు. అడిగి తిన్నాడన్న మాట ఆయనకు రాలేదు, అడిగినా పెట్టలేదన్న మాట ఆమెకు రాలేదు. ఇద్దరి మొహాలూ నిలిచాయి, ముక్కా తినబడింది.

ఈ మూడు వద్దుల లెక్క తెలియని చోటికి వెళ్తే పస్తే. ఉద్యోగంలో చేరిన కొత్తలో వేరే రాష్ట్రపు స్నేహితుడి ఇంట్లో, ఉప్మా ఇంకొంచెం వేయనా అంటే వద్దన్నాను. ఆ తల్లి సరేనని గిన్నె లోపలికి తీసుకుపోయింది. ఆవిడది మోటుతనమని ఆ రోజు అనుకున్నాను. నా మాటను మాటగా తీసుకోవడమే ఆవిడ ఇంటి మర్యాద అని ఆ తర్వాత ఎప్పటికో అర్థమైంది.

పెళ్ళి భోజనాల్లో ఇప్పుడు ఈ వద్దులకు తీరిక లేదు. కల్యాణమండపంలో మీరు పప్పన్నంలో ఉండగానే మీ కుర్చీ వెనక చేయి వేసి ఒక మనిషి నిలబడతాడు, మీరు పెరుగు వరకు ఎప్పుడు వస్తారా అని మెడ వంచి విస్తరిలోకి చూస్తుంటాడు. తువ్వాలు వేయడానికి వీల్లేక తానే తువ్వాలై నిలబడ్డాడన్న మాట. పంక్తిలో అందరికీ వడ్డించేదాకా మొదలుపెట్టకూడదు, పక్కవాడు ముగించేదాకా లేవకూడదు అని నేర్చుకున్నవాళ్ళం, ఆ చూపు కింద నాలుగు నిమిషాల్లో లేచి వస్తున్నాం.

మనవాళ్ళకు థాంక్స్ చెప్పడం రాదని బయటి నుంచి వచ్చినవారు అంటూ ఉంటారు. నిజమే, అమ్మ అన్నం పెడితే ధన్యవాదాలు అన్న పిల్లవాడిని మా ఊళ్ళో డాక్టరుకు చూపిస్తారు. కృతజ్ఞతను నోటితో తీర్చేస్తే బాకీ కొట్టివేసినట్టు, సంబంధం అక్కడితో ముగిసినట్టు. మనం బాకీని బతికించుకుంటాం. దానికి ఖాతా పుస్తకం కూడా ఉంది, చదివింపుల పుస్తకం. మండపం గుమ్మం పక్కన బల్ల వేసుకుని ఒకాయన కూర్చుంటాడు. ఊరు, పేరు, అంకె. ఆ పుస్తకం పెళ్ళి ఆల్బం కంటే ఎక్కువకాలం బీరువాలో ఉంటుంది. వాళ్ళ ఇంట్లో పెళ్ళి వచ్చినప్పుడు తీసి చూస్తారు. పదిహేనేళ్ళ కిందట మనకు 516 రాశారు, ఇప్పుడు అదే 516 ఎలా రాస్తాం? ధరలు కలిపి 1116. ఆ కాస్త ఎక్కువలోనే కిటుకు ఉంది. బాకీ చెల్లు కాలేదు, అటు తిరిగింది. ఇక వాళ్ళు మనకు ఉన్నారు. ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం ఈ మూడూ బాధ్యతలేనని ఫ్రెంచి పండితుడు మార్సెల్ మోస్ వందేళ్ళ కిందట రాసింది ఎక్కడో దూరపు దీవుల గురించి. ఆయన మన బల్ల దగ్గర ఒక పూట కూర్చుంటే సరిపోయేది. చివర ఆ పదహారు ఎందుకంటే, నిజాం రూపాయలు నూటపదహారు చిల్లర ఇస్తే ఇంగ్లీషువారి రూపాయలు నూరు వచ్చేవని ఒక వివరణ ప్రచారంలో ఉంది. మేము ఉన్నది ఇంగ్లీషువారి మద్రాసు ప్రెసిడెన్సీ కింద, అయినా పదహారు మమ్మల్నీ వదల్లేదు.

డబ్బు కంటే పెద్ద పట్టింపు పిలుపుది. మనిషి చేత కార్డు పంపడం ఒక తరగతి, ఫోను చేయడం ఒక తరగతి, ఇంటికి వచ్చి కుంకుమ భరిణె తీసి బొట్టు పెట్టి పిలవడం అన్నిటికంటే పై తరగతి. వాట్సాప్‌లో పంపిన శుభలేఖ ఏ తరగతో ఇంకా తేలలేదు. 'వాళ్ళు బొట్టు పెట్టి పిలవలేదు' అన్న ఒక్క మాట మీద ఇరవై ఏళ్ళు రాకపోకలు ఆగిన ఇళ్ళు నాకు తెలుసు.

ఆ భరిణె దగ్గరే నాకు మర్యాద రెండో ముఖం మొదటిసారి కనబడింది. మా మేనత్త ముప్ఫై రెండేళ్ళకే భర్తను పోగొట్టుకుని మా ఇంట్లోనే ఉండేది. పిలుపులకు ఎవరో వస్తున్నారని వీధిలో చప్పుడు వినబడగానే ఆమె చేతిలో పని వదిలేసి వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఎవరూ వెళ్ళమనలేదు. ఎదురుగా ఉంటే వచ్చినవాళ్ళు ఆమెను దాటి పక్కవారికి బొట్టు పెట్టాలి, అప్పుడు వాళ్ళకు మొహమాటం. ఆ మొహమాటం వాళ్ళకు కలగకుండా ఆమె తప్పుకునేది. గాయపడేది ఆమె, మర్యాద చేసేదీ ఆమే. అత్త ఎంత పద్ధతి తెలిసిన మనిషో అని ఊరంతా మెచ్చుకునేది.

ఇంకొకటి చెప్పాలి, రాయడానికి చేయి రావడం లేదు కానీ చెప్పాలి. మా ఇంట్లో ఒక పాలేరు ఉండేవాడు. మా తాత వయసువాడు. నేను ఏడేళ్ళవాడిని అతన్ని పేరు పెట్టి 'ఒరేయ్' అని పిలిచేవాడిని. అతను నన్ను 'చిన్నయ్యా, మీరు' అనేవాడు. అతనికి నీళ్ళు ఇచ్చే చెంబు దొడ్లో గోడ మీద విడిగా ఉండేది. వెళ్ళొస్తామన్న ఒక్క మాటకు తొడ కమిలేలా గిల్లిన మా నాయనమ్మ, ఆ 'ఒరేయ్'కి ఒక్కసారి కూడా గిల్లలేదు. పెద్దవారిని ఏకవచనంలో పిలవకూడదన్న పాఠం నాకు చెప్పిన మనిషికి, అతనూ పెద్దవాడే అని తోచలేదు. అప్పట్లో టీ బంకుల్లో దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి కూడా మర్యాదగానే నడిచేది. గొడవేమీ లేదు, ఎవరి గ్లాసు వారికి తెలుసు.

గొడవ లేకపోవడాన్ని మర్యాద అనుకుంటే ఎక్కడికి పోతామో అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడు చూపించింది. తాము తాగే చెరువు నీళ్ళను ఊరి పెద్ద కులంవాళ్ళు పాడుచేస్తుంటే దళితులు అభ్యంతరం చెప్పారు. ఒక దళిత మహిళ ఎదురు నిలిచింది. మరునాడు, 1985 జులై 17న, ఆ పెద్ద కులంవాళ్ళు దళితవాడ మీద పడి ఆరుగురిని చంపారు. చెరువు గురించి అడిగిన మాటలో తప్పు లేదు. అడగడమే తప్పయింది. హద్దు ఒక వైపువారికే గీసినప్పుడు, అవతలివాళ్ళు ఎంత మెల్లగా మాట్లాడినా అది హద్దు దాటడంగానే వినబడుతుంది. మర్యాదకు ఒడ్డు అని అర్థం చెప్పుకున్నాం. ఏటికి రెండు ఒడ్లు ఉంటాయి. ఒక్క ఒడ్డే ఉన్నదాన్ని మర్యాద అనకుండా అణచివేత అంటే పదాలు వాటి చోట్లలో ఉంటాయి.

నెల్లూరు జిల్లాలోనే దానికి జవాబు లాంటిది ఒకటి జరిగింది. 1991లో అక్షరాస్యతా ఉద్యమం రాత్రి బడులకు వెళ్ళిన దూబగుంట ఆడవాళ్ళు, వాచకంలో సారా గురించి ఉన్న పాఠం చదివి, ఊళ్ళో సారా అమ్మకం ఆపించారు. మగవాళ్ళు కూర్చున్న చోటికి ఆడవాళ్ళు వెళ్ళకూడదు, మొగుడి పేరు నోట రాకూడదు, వీధిలో గొంతు పెరగకూడదు అని నేర్చుకున్నవాళ్ళు చీపుర్లు పట్టుకుని సారా దుకాణాల ముందు నిలబడ్డారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధించక తప్పలేదు. ఆ రోజుల్లో 'ఆడవాళ్ళు మర్యాద మరిచారు' అన్నవాళ్ళకు కొదవ లేదు. తాగి వచ్చి కొట్టేవాడికి లేని మర్యాద, చీపురు పట్టిన ఆమె మరిచిందట.

అందుకని పద్ధతులన్నీ పెంటకుప్ప మీద వేయమని నేను అనను. తువ్వాలు ఉండాలి, మూడు వద్దులూ ఉంటే నాకు ఇష్టమే. ఒక పద్ధతి నిలవదగ్గదా కాదా అని అనుమానం వస్తే నేను ఒకటే చూస్తాను. ఇద్దరూ చోట్లు మార్చుకుంటే అది అలాగే నిలుస్తుందా? నేను వేసిన తువ్వాలును ఇంకొకరు గౌరవిస్తారు, వారిది నేను గౌరవిస్తాను, నిలిచింది. ఇవాళ వడ్డించే ఆమె రేపు నా ఇంటికి వస్తే నా వడ్డనకు ఆమె వద్దంటుంది, అదీ నిలిచింది. మా పాలేరు నన్ను ఒరేయ్ అనగలడా? ఇక అక్కడ మాట్లాడడానికి ఏమీ లేదు. ఫోను మర్యాదలకూ ఇదే కొలత సరిపోతుంది. పై అధికారి రాత్రి పదిన్నరకు చేస్తే ఎత్తాలి, కింది ఉద్యోగి సాయంత్రం ఆరుకు చేస్తే విసుక్కోవాలి అంటే అందులో మర్యాద ఏమీ లేదు, జీతం ఉంది.

చోట్లు మార్చుకోవడమే పద్ధతిగా ఉన్న చోటు ఒకటి మా నెల్లూరులో ఉంది. మొహర్రం రోజుల్లో స్వర్ణాల చెరువు దగ్గర, బారాషహీద్ దర్గాలో రొట్టెల పండుగ. కోరిక ఉన్నవాళ్ళు చెరువు నీళ్ళలో నిలబడి, కోరిక తీరినవాళ్ళ దగ్గర రొట్టె పుచ్చుకుంటారు. తమది తీరాక మళ్ళీ వచ్చి ఇంకొకరికి ఇస్తారు. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్ళి రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె. అక్కడ వరస అడిగేవారు లేరు. ఇంటిపేరు అక్కరలేదు. ఏ మతమో అడగరు. పుచ్చుకున్నవాడే ఇవ్వడానికి రావాలి కాబట్టి, ఇచ్చేవాళ్ళంతా ఒకప్పుడు చేయి చాచినవాళ్ళే.

ఒక ఏడాది నేను గట్టు మీద నిలబడి చూస్తున్నాను. తలకు చేతిరుమాలు కట్టుకున్న ఒక కుర్రవాడు మోకాళ్ళ లోతు నీళ్ళలో అటూ ఇటూ తిరుగుతూ "ఉద్యోగ రొట్టె ఉందా అండీ, ఉద్యోగ రొట్టె" అని అడుగుతున్నాడు. మొహం ఎర్రబడి ఉంది, అడగడం అలవాటు లేనట్టుంది. కొంగు తల మీదికి కప్పుకున్న ఒక పెద్దావిడ చేయి ఊపి పిలిచింది. కొడుక్కు వచ్చిందని చెబుతూ రొట్టె సగానికి తుంచి అతని చేతిలో పెట్టింది. అతను అక్కడే కొరికాడు. ఏమనాలో తెలియక కాసేపు నిలబడి, చివరికి "వెళ్ళొస్తానమ్మా" అన్నాడు.

"రా నాయనా" అన్నది ఆవిడ. "వచ్చేటప్పుడు రొట్టె కాస్త మందంగా చేయించుకురా. పలచగా ఉంటే నీళ్ళు తగిలి విరిగిపోతోంది."